ఏడు కమాన్ల హాలు

మైసన్న చెప్పులు తలుపు దగ్గర విడిచి చెక్క నేల మీదికి వచ్చాడు. పొద్దున ఆరున్నర దాటింది. ఆటగాళ్లు రావడానికి ఇంకో అరగంట పడుతుంది. రోజూ ఈ అరగంటలో అతను చేసే పని ఒకటుంది. కోర్టు ఈ కొస నుంచి ఆ కొసకు, పలక వెంబడి పలక, పాదాలు ఎత్తకుండా ఈడ్చుకుంటూ నడుస్తాడు. రాత్రి చలికి టేకు పలకలు ముడుచుకుంటాయి. ఎక్కడో ఒకచోట మేకు తల వెంట్రుకవాసి పైకి లేస్తుంది. అది కంటికి ఆనదు, అరికాలికి తెలుస్తుంది. తెలిసినచోట గొంతుక్కూర్చుని, మేకు తల మీద ఇనుప ముక్క ఆనించి, సుత్తితో రెండు దెబ్బలు వేస్తాడు. ముప్పై తొమ్మిదేళ్లలో ఈ నేల మీద మేకు గీరుకుని ఎవరి కాలూ తెగలేదు.

ఆ రోజు మూడు మేకులు దొరికాయి. నాలుగోదాన్ని పాదంతో వెతుకుతుండగా తలుపు దగ్గర అడుగుల చప్పుడైంది.

"బూట్లు ఆడనే ఇడువుండ్రి," అన్నాడు తల తిప్పకుండానే.

"సారీ బాపూ, చూసుకోలే."

పాతికేళ్ల అమ్మాయి. భుజాన సంచి, చేతిలో మూడు కాళ్ల స్టాండు. బూట్లు విడిచి, సాక్సులు కూడా తీసి, జాగ్రత్తగా లోపలికి వచ్చింది. పేరు ఆశ్రిత అని చెప్పింది. ఇంజనీరు. హాలు కూల్చేముందు దాని కొలతలన్నీ తీసి బొమ్మలు గీసి పెట్టమని పంపారట.

సోమవారం నుంచి హాలు మూసేస్తారు. ముందు పైరేకులు విప్పుతారు, తర్వాత గోడలు, కమాన్లు, ఆఖరున నేల. ఇదే జాగాలో మూడంతస్తుల కాంప్లెక్స్ లేస్తుంది. మైసన్నను ఎల్లారెడ్డిలో కొత్తగా వేసిన షెడ్డుకు వాచ్‌మన్‌గా వెళ్లమన్నారు. అక్కడ కింద రబ్బరు మ్యాట్లు పరిచారు. మేకులుండవు.

"నాలుగు దినాల పనుంది. మీకు అడ్డం రాను," అంది ఆశ్రిత.

"మీరేం అడ్డం బిడ్డా. శని, ఆదివారాలు పోటీలున్నయి. గప్పుడు జర పక్కకుంటె సరిపోతది."

ఆ పోటీల కాగితమే పట్టుకుని ఏడు గంటలకు అజయ్ వచ్చాడు. పోటీల కమిటీకి కార్యదర్శి అతను. ముప్పై అయిదేళ్లుంటాయి. ఒకప్పుడు మైసన్న దగ్గరే బ్యాట్ పట్టడం నేర్చుకున్నాడు. ఇప్పటికీ సర్వీసు చేసేముందు మైసన్నలాగే ఎడమ భుజం కొద్దిగా దించుతాడు. కాగితాన్ని నోటీసు బోర్డుకు గుచ్చి, ఫారాల కట్ట బల్ల మీద పెట్టి, ఫోను మాట్లాడుకుంటూ బయటికి వెళ్లాడు.

మైసన్న తడి గోనెతో నేల తుడుస్తూ బోర్డు దగ్గరికి వచ్చాక ఆగి చదివాడు. ఏడు కమాన్ల హాలులో చివరి షటిల్ పోటీలు. యాభై అయిదేళ్లు దాటినవారికి సింగిల్స్. ఈ హాలులో ఇరవై ఏళ్లకు తక్కువ కాకుండా ఆడినవారెవరైనా పేరు ఇవ్వవచ్చు.

'ఎవరైనా' అన్న మాట దగ్గర అతని కళ్లు ఆగాయి. గోనెను బకెట్లో వేసి, చేతులు లుంగీకి తుడుచుకుని, ఒక ఫారం తీసుకున్నాడు. పేరు రాశాడు. వయసు యాభై ఎనిమిది అని రాశాడు. 'ఎన్నేళ్లుగా ఆడుతున్నారు' అన్నచోట ముప్పై తొమ్మిది అని రాసి, ఇంకు ఆరేదాకా ఊది, మడతపెట్టకుండా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

అజయ్ తిరిగి వచ్చి ఫారం అందుకున్నాడు. చదివాడు. నవ్వబోయి ఆపుకున్నాడు.

"నువ్వా అన్నా?"

"ఎవ్వరన్న ఇయ్యొచ్చు అని ఉన్నది గద."

"ఉన్నది... అడిగి చెప్త అన్నా."

ఫారాన్ని మిగతావాటితో కలపకుండా జేబులో పెట్టుకున్నాడు. మైసన్న అది చూసి కూడా చూడనట్టే బకెట్ వైపు వంగాడు.

మధ్యాహ్నం హాలు ఖాళీ అయ్యాక ఆశ్రిత పని మొదలుపెట్టింది. స్టాండు మీద చిన్న మిషను బిగించి, దాని ఎర్రచుక్కను కమాను నడినెత్తి మీదికి వదిలి, అంకె చూసి పుస్తకంలో రాసుకుంటుంది. ఏడు కమాన్లు, నేల నుంచి లేచి ఈ గోడ నుంచి ఆ గోడకు విల్లులా వంగిన సిమెంటు కమాన్లు. మధ్యలో ఒక్క స్తంభం లేదు. మొదటి నాలుగు కమాన్లూ ఒకటే ఎత్తు చూపించాయి. అయిదోది చూసి ఆమె ముఖం చిట్లించి, మిషన్ను తుడిచి, మళ్లీ పెట్టింది. మూడోసారి కూడా పెట్టింది.

"మిషన్ తప్పేం లేదు బిడ్డా," అన్నాడు మైసన్న. నెట్ విప్పుకుని, తెగిన గళ్లు దారంతో అల్లుతున్నాడు. "అయిదోది రెండంగుళాలు కిందికుంటది."

"మీకెట్ల ఎరుక?"

"మోసిన గద."

ఆమె పుస్తకం మూసి, వచ్చి అతని పక్కన గ్యాలరీ మెట్టు మీద కూర్చుంది. అతను అల్లడం ఆపలేదు.

"లింగంపేట నుంచి ముప్పై మందిమి వచ్చినం, ఆడోళ్లు, మగోళ్లు. నాకు పంతొమ్మిదేండ్లు. ఒక్కో కమాను ఒక్క దినంలనే పొయ్యాలె. నడుమ ఆగితె అతుకు పడతది, అతుకు కాడ ఇరుగుతది అనెటోడు ఇంజనీరు సారు. పొద్దుగాల మొదలు వెడితె దీపాలు పెట్టెదాక తట్ట చేతులు మారుడే గని, కింద పెట్టుడు లేదు. అయిదో కమాను నాడు నడిపొద్దుల వాన కొట్టింది. ఆపుతరా అంటె ఆపనియ్యలే. మా ఆడోళ్లు కొంగులు గప్పి సిమెంటు మాలు తెచ్చిన్రు. గని కింద పెట్టిన గుంజలు నల్లరేగట్ల దిగినయి. తెల్లారి చూస్తె నెత్తి జారి ఉన్నది."

"పగలగొట్టలేదా?"

"పగలగొట్టుమన్నడు. సుత్తెలు కూడ తెచ్చినం. మల్ల ఏమనుకున్నడో, ఆగుమన్నడు. నెల ఆగి, గుంజలు తీసి, దానికి ఇసుక సంచులు ఏలాడగట్టిచ్చిండు. ఒకటి గాదు రెండు గాదు, నూరు సంచులు. మూడు దినాలు దాని కిందనే కుర్చేసుకుని కూసున్నడు. జర గూడ కదల్లే. గప్పుడన్నడు, ఇది అన్నిట్ల గట్టిది, దీన్ని ముట్టొద్దు అని."

ఆశ్రిత పైకి చూసింది. చూరు కింద, ఉత్తరం వైపు గోడలో సిమెంటు జాలీల గుండా పడిన వెలుతురు కమాను కడుపు మీద తెల్లటి గళ్లుగా పరుచుకుని ఉంది. ఎండ ఎక్కడా నేరుగా నేల మీద పడదు.

"అటు ఇటు రెండు కొసల గోడలకు ఒక్క కిటికీ గూడ లేదేంది? పాత కాగితాలల్ల చూసినప్పటి నుంచి నాకు సమజ్ కాలే."

మైసన్న నవ్వాడు. "మాకు గూడ గాలే. గుడ్డి గోడలు కట్టిపిస్తుండు, పిచ్చోడు అనుకున్నం. నేను బ్యాట్ పట్టినంక తెలిసింది. ఆడెటోని కండ్ల ముందట వెలుగుంటె తెల్ల కాక్ కానరాదు. అందుకనే గోడ గుడ్డిగుండాలె, ఆకుపచ్చగుండాలె. గాలి రావాలె గని కాక్‌ను కదిలియ్యద్దు, గందుకే జాలీలు గంత మీద పెట్టిచ్చిండు. నేల కింద చూసినవా? ఇసుక పోసి, బొగ్గుపొడి పరిచి, దాని మీద దూలాలు, దూలాల మీద పలకలు. దునికితె నేల గూడ మనతోని జర లేస్తది. గా సారు ఒక్కొక్కటి చెప్పుకుంట చేయించిండు. కట్టుడు ఒడిసినంక అందరు ఊరికి పోయిన్రు. నన్ను ఉండుమన్నడు. నేల జూసుకోను మనిషి గావాలె గద."

"మరి ఆట?"

"సాయంత్రం తోడు లేనోనికి ఎదురుగ నిలబడమనెటోళ్లు. నిలబడ్డ. వచ్చింది."

ఆమె ఏదో రాసుకుంది. అతను పంటితో దారం తెంపి, నెట్టు గళ్లను వేళ్లతో లాగి చూశాడు.

ఆ సాయంత్రం దేవునిపల్లి ఇంట్లో గంగామణి బీడీలకు తునికాకు కత్తిరిస్తూ కూర్చుని ఉంది. భర్త చేతి వంక చూసింది.

"ఏంది, ఏలుకు ఇంకు?"

"పోటీలకు పేరు ఇచ్చిన."

కత్తెర ఆగింది. "ఇన్నేండ్లకా?"

"ఇదే ఆఖరు గద."

గంగామణి ఆకులు కట్టగా పేర్చి, నీళ్లు చిలకరించి, తడిగుడ్డ కప్పింది. వాన కొట్టిన ఆ రోజున వరుసలో మైసన్న తర్వాత నిలబడి తట్ట అందుకున్నది ఆమే. పొద్దంతా ఒక్క మాట లేకుండా అతని చేతి నుంచి తట్టలందుకుని, పొద్దుగూకాక 'నీ చేయి పచ్చిగైంది, ఆకు పసరు పెట్టుకో' అందట. అదే ఇద్దరి మధ్యా మొదటి మాట.

"రోజు నీతోని ఆడే పటేల్‌తోనే పడితె ఎట్ల మరి?" అంది.

"పడనియ్యి."

"పడితె ఎప్పటిలెక్క ఆట ఇడిచిపెడతవా?"

మైసన్న బిందెలోంచి నీళ్లు ముంచుకుని, వేలి మీది ఇంకును బొటనవేలితో రుద్దసాగాడు. అది తొందరగా పోలేదు.

మర్నాడు శుక్రవారం. పోటీలకు తెచ్చిన కాక్‌లకు మైసన్న ఆవిరి పడుతున్నాడు. చలికాలం ఈకలు పెళుసుగా ఉంటాయి, నాలుగు దెబ్బలకు విరిగిపోతాయి. కెటిల్ మూతి దగ్గర డబ్బా రెండు మూతలూ తీసి పట్టుకుని, మనసులో అయిదు లెక్కపెట్టి తీసేస్తాడు. ఆరు లెక్కపెడితే బరువెక్కుతాయి. ఆశ్రిత గ్యాలరీ మెట్ల వెడల్పు కొలుస్తోంది.

అజయ్ వచ్చి అతని ముందు నిలబడ్డాడు. ఫారం చేతిలో ఉంది. రెండు మడతలు పడి ఉంది.

"అన్నా, ఏమనుకోకు. స్టాఫ్‌కు లేదన్నరు."

"కాగితం మీద గట్ల రాసిలేదు గద అజయ్."

"రాసిలేదు. గని స్టాఫ్ ఆడితె బాగుండదట. రేపు ఇంకెవలన్న ఏమన్న అంటరు అని..."

"ఎవరన్నరు?"

"కమిటీ." అజయ్ కళ్లు కెటిల్ మీదే ఉన్నాయి. "నువ్వే గద అన్నా అన్నీ చూసుకోవాల్సింది. నువ్వు ఆడుకుంట కూసుంటె లైన్లు ఎవరు చూస్తరు, నెట్ ఎవరు కడతరు?"

మైసన్న డబ్బా పక్కన పెట్టి ఫారం అందుకున్నాడు. ముప్పై తొమ్మిది అన్న అంకె మడత మీద పడి చీలినట్టుంది. దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, ఇంకో డబ్బా తీశాడు.

అజయ్ వెళ్లాక ఆశ్రిత మెట్లు దిగి వచ్చింది. ముఖం ఎర్రబడింది. "గదేంది బాపూ? ఎవ్వరన్న అని రాసి, మీకు లేదనుడేంది? మీరు ఊకున్నరేంది?"

"కెటిల్‌ల నీళ్లు అయిపోవట్టె. జర పొయ్యి బిడ్డా."

ఆమె పోసింది. నీళ్లు మళ్లీ మరిగాయి. మైసన్న డబ్బాను ఆవిరి మీద పెట్టాడు. ఎంత లెక్కపెట్టాడో మరిచిపోయాడు. ఆ డబ్బాలో పన్నెండు కాక్‌లూ బరువెక్కి పనికిరాకుండా పోయాయి.

సాయంత్రం అయిదు గంటలకు గంగారాం పటేల్ వచ్చాడు. భిక్నూర్ దగ్గర నలభై ఎకరాల ఆసామి, కాపురం ఇక్కడ కామారెడ్డిలోనే. అరవై రెండేళ్లు. గోడ మీది గెలిచినవాళ్ల బోర్డులో ఆయన పేరు పదకొండుచోట్ల ఉంది. హాలు తెరిచిన ఏడాది నుంచి, పంట కోతల రోజులు తప్ప, ప్రతి సాయంత్రం ఒక గంట ఆయనకు ఎదురుగా నిలబడింది మైసన్నే.

"నడువు మైసా. రేపటికి కాలు కుదరాలె."

మైసన్న బ్యాట్ అందుకున్నాడు. ఈ ఆట వేరు. పటేల్ కుడిచేతికి అందేంత దూరంలోనే కాక్ పడాలి, కానీ నిలబడినచోట పడకూడదు, రెండడుగులు వేయించాలి. చెమట పట్టించాలి. ఆయన వెనక్కి పరుగెత్తి బాగా కొట్టినప్పుడు తిరుగు దెబ్బ నెట్‌కు తగలాలి. అది కావాలని కొట్టినట్టు ఉండకూడదు. పద్దెనిమిది, పద్దెనిమిది దాకా రానిచ్చి, అక్కడి నుంచి మూడు పాయింట్లు వదలాలి. ఇరవై ఒకటి, పద్దెనిమిది. గీతకు అవతల పడిన కాక్‌ను 'లోపలే పటేలా' అనాలి. గెలిచిన మనిషి మర్నాడు మళ్లీ వస్తాడు. మనుషులు వస్తేనే హాలు ఉంటుంది. ఇది అతనికి ఎవరూ నేర్పలేదు. మొదటి రెండేళ్లలో తనకు తానే నేర్చుకున్నాడు. తర్వాత చెయ్యే నేర్చేసుకుంది.

నేర్చుకోనిది ఒకటుంది. ఆ గంటసేపు అతనికి సంతోషంగా ఉంటుంది. పటేల్ డ్రాప్ వేయబోయే ముందు పెదవి కొరుకుతాడని అతనికి తెలుసు. ఆయన పెళ్లయిన ఏడు ఎలా ఎగిరేవాడో, తండ్రి పోయిన నెలలో ఎలా తడబడ్డాడో, మోకాలు మొదటిసారి కలుక్కుమన్నది ఏ పలక మీదో తెలుసు.

ఆ రోజు ఆట మధ్యలో గంగారాం రెండుసార్లు ఆగాడు. ఏదో అనబోయి, టవల్‌తో ముఖం తుడుచుకున్నాడు. ఇరవై ఒకటి, పద్దెనిమిదికి గెలిచి, బ్యాట్ సంచిలో పెట్టుకుంటూ, "ఎల్లారెడ్డికి ఎన్నడు పోతవ్?" అన్నాడు.

"బుధారం రమ్మన్నరు పటేలా."

"ఊఁ," అని, మైసన్న ముఖం వైపు చూడకుండానే వెళ్లిపోయాడు.

పోటీలు రెండు రోజులు జరిగాయి. నిజామాబాద్ నుంచి, బాన్సువాడ నుంచి, బిచ్కుంద నుంచి పాత ఆటగాళ్లు వచ్చారు. పొట్టలు పెరిగి, జుట్టు పలచబడినవాళ్లు హాలు గుమ్మంలో నిలబడి పైకి చూసి, కమాన్లు లెక్కపెట్టి, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకున్నారు. "మైసన్నా, ఇంకా గట్లనే ఉన్నవేంది?" అని అందరూ పలకరించారు. అతను ప్రతి ఆట ముందూ నెట్ నడుమ కర్ర నిలబెట్టి అయిదడుగులు సరిచూశాడు. ఎవరో జారిపడితే నేల మీది చెమట తుడిచాడు. గీతల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని లోపల, బయట చెప్పాడు. శనివారం ఒక్కసారి మాత్రం, ఇద్దరు ముసలివాళ్లు తేలికైన కాక్‌ను వదిలేసి ఒకరినొకరు తిట్టుకుంటుంటే, కూర్చున్నచోటే అతని మణికట్టు ఆ దెబ్బ కొట్టింది. ఆశ్రిత అది చూసింది.

ఆదివారం ఒంటిగంటకు యాభై అయిదు దాటినవాళ్ల ఫైనల్లో గంగారాం పటేల్ గెలిచాడు. బహుమతులిచ్చారు. అజయ్ మైకు పట్టుకుని హాలు చరిత్ర చదివాడు: ఏ ఏడు పునాది వేశారు, ఎన్ని అడుగుల పొడవు, ఎవరెవరు గెలిచారు. చప్పట్లు కొట్టారు. పక్క మైదానంలో భోజనాలు పెట్టారని చెప్పగానే కుర్చీలు జరిగాయి.

"ఒక్క నిమిషం," అన్నాడు గంగారాం. కప్పును మెట్టు మీద పెట్టాడు. "ఈ హాల్ల ఆఖరు ఆట నాకు మైసనితోని ఆడాలని ఉన్నది. ఒక్కటే గేము."

కొందరు నవ్వి చప్పట్లు కొట్టారు. చాలామంది అప్పటికే తలుపు దాటారు. ఓ ఇరవై మంది తిరిగి కూర్చున్నారు. మైసన్న కుర్చీలోంచి లేచి, గోడకు వేలాడుతున్న తన పాత బ్యాట్ తీసుకున్నాడు. ఆశ్రిత స్కోరు బోర్డు దగ్గరికి వెళ్లి నిలబడింది.

మొదట్లో చెయ్యి అలవాటు ప్రకారమే పోయింది. కుడివైపుకు, రెండడుగుల దూరానికి. గంగారాం తొమ్మిది, మైసన్న అయిదు. పటేల్ కొట్టిన కాక్ ఒకటి ఎత్తుగా లేచి, అయిదో కమాను కిందుగా వచ్చి, మైసన్న వెనక గీతకు అవతల నాలుగు వేళ్ల దూరంలో పడింది.

పటేల్ మామూలుగా బ్యాట్ చంకలో పెట్టి తర్వాతి సర్వీసుకు కాక్ ఇమ్మన్నట్టు చెయ్యి చాచాడు. మైసన్న వంగి కాక్ తీశాడు. అది పడినచోటు చూశాడు. నోటి చివరిదాకా 'లోపలే' వచ్చింది.

"అవుట్," అన్నాడు.

గంగారాం చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఇద్దరూ నెట్ మీదుగా ఒకరినొకరు చూసుకున్నారు. పటేల్ చెయ్యి దించి, వెనక్కి నడిచి, మోకాళ్లు కొద్దిగా వంచి నిలబడ్డాడు.

ఆ తర్వాత మైసన్న ఆడాడు. నెట్ దాటి జారినట్టు పడే డ్రాప్, ఎడమ మూలకు నేరుగా పోయే దెబ్బ, ఇన్నేళ్లూ చూసి చూసి వదిలేసినవన్నీ ఒక్కొక్కటే బయటికొచ్చాయి. యాభై ఎనిమిదేళ్ల కాళ్లు ఎగరలేవు. అయినా కాక్ ఎక్కడికి వస్తుందో ముందే తెలిసిన మనిషికి ఎగరాల్సిన పని లేదు. గ్యాలరీలో ముచ్చట్లు ఆగిపోయాయి. తలుపు దగ్గర పళ్లేలతో వచ్చినవాళ్లు పళ్లేలతోనే నిలబడ్డారు. ఇరవై ఒకటి, పదమూడు.

ఎవరూ వెంటనే చప్పట్లు కొట్టలేదు. ఆశ్రిత కొట్టింది. అజయ్ ఆమె వైపు, పటేల్ వైపు చూసి, తనూ కొట్టాడు. జనం ఇబ్బందిగా కదిలి, మాటలు లేకుండా భోజనాలకు వెళ్లిపోయారు. ఆటగాళ్లిద్దరు కాక ఆశ్రిత, అజయ్ మాత్రమే మిగిలారు.

గంగారాం మెట్టు మీద కూలబడ్డాడు. ఊపిరి అందడం లేదు. మైసన్న మంచినీళ్ల సీసా తెచ్చి ఇచ్చి, పక్కన నిలబడ్డాడు.

"కూసో," అన్నాడు పటేల్. మైసన్న కింది మెట్టు మీద కూర్చున్నాడు. "ఈడ కూసో," అని పటేల్ తన పక్కన మెట్టు తట్టాడు.

మైసన్న వచ్చి కూర్చున్నాక, పటేల్ నేల వైపు చూస్తూ అన్నాడు. "నీ ఫారం నా దగ్గరికి వచ్చింది. కమిటీ ఏమనలే. నేనే వద్దన్న."

మైసన్న ఆయన వైపు తిరిగాడు.

"నువ్వు ఇడిచిపెడతవని నాకు ఎరుక. ఇయ్యాల గాదు, ముప్పై ఏండ్ల కింద్నే ఎరుక. ఒకనాడు నేను జరం మీద వచ్చి ఆడితె గూడ నేనే గెలిచిన. గంత ఎడ్డోన్నా నేను? అడుగుదామనుకున్న. అడిగితె నువ్వు ఇడిచిపెట్టుడు బంద్ జేస్తవ్. గెలుసుడు అలవాటైంది మైసన్నా. ఆఖరుసారి గూడ పేరు బోర్డు మీద ఉండాలె అనిపించింది."

రెండు రోజులుగా మైసన్న కమిటీ అన్న మాటను మోస్తున్నాడు. దానికి ముఖం లేదు గనుక కోపం కూడా రాలేదు. ఇప్పుడు ముఖం పక్కనే ఉంది, చెమటతో, మెడ కింద వేలాడే ముడతలతో. ఆ ముడతలు ఏ ఏడు మొదలయ్యాయో కూడా తనకు తెలుసు. తిట్టాలంటే నోరు రావడం లేదు. ఊరుకోవాలని కూడా లేదు.

లేచి నిలబడ్డాడు.

"లేవుండ్రి పటేలా."

"ఏంది?"

"ఒక్క గేమే అయింది. మ్యాచ్ అంటె మూడు. నేను ఫారం ఇచ్చింది గేముకు గాదు, మ్యాచ్‌కు."

"నా మోకాలు నొస్తున్నది."

"నాది నొస్తలేదా?"

గంగారాం తలెత్తి చూశాడు. ముఖంలో మొదట కోపం లాంటిదేదో వచ్చి, పోయింది. వంగి బూటు లేసు విప్పి, మళ్లీ బిగించి కట్టాడు. అజయ్ సాయం పట్టబోతే వద్దని చెయ్యి ఊపి, తనే లేచాడు.

రెండో గేములో పటేల్ వేరే మనిషిలా ఆడాడు. కాక్ తన దగ్గరికి రాదని తెలిసిన మనిషి ఆడే ఆట అది. మూలలకు పడిలేచాడు. కేక వేశాడు. ఒకసారి నెట్ దగ్గర బోర్లా పడి, నేల మీది నుంచే బ్యాట్ చాచి కాక్‌ను లేపి, అది అవతల పడితే పడుకునే నవ్వాడు. మైసన్నకూ నవ్వొచ్చింది. ఈ మనిషి ఇలా ఆడగా అతను ఎన్నడూ చూడలేదు. తను ఆడనిచ్చింది ఎక్కడ? పంతొమ్మిది, పంతొమ్మిది దగ్గర మైసన్న తన బలమంతా పెట్టి కొట్టిన స్మాష్‌ను పటేల్ ఎలా తీశాడో తీశాడు. అది నెట్ అంచును తాకి ఇవతలికి రాలింది. మరొకటి గీత మీద పడింది. మైసన్న దగ్గరికి వెళ్లి చూశాడు. సందేహం లేదు.

"లోపలే," అన్నాడు. ఇరవై ఒకటి, పంతొమ్మిది.

మూడోదాంట్లో ఇద్దరి కాళ్లూ అయిపోయాయి. ప్రతి పాయింటుకూ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేవాళ్లు. ఒకరికొకరు టైం ఇచ్చుకున్నారు. జాలీల్లోంచి వచ్చే వెలుతురు పసుపెక్కింది. ఇరవై ఒకటి, పదిహేడుకు మైసన్న గెలిచాడు. బ్యాట్ చేతిలో పట్టుకునే నేల మీద కూర్చుండిపోయాడు. ఎంతో సంబరంగా ఉంటుందనుకున్నాడు. సంబరం కన్నా ఆకలి ఎక్కువగా ఉంది. చాలా ఏళ్ల తర్వాత, చిన్నప్పటి పొలం పని రోజుల్లోలాంటి ఆకలి.

గంగారాం నెట్ కిందుగా వంగి ఇవతలికి వచ్చి, అతని పక్కనే చతికిలబడ్డాడు. చెయ్యి కలిపాడు కానీ వదల్లేదు. ఏదో అడగాలని, అడగడానికి భయపడుతున్నట్టు చూశాడు.

"రెండో గేము," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "గది గూడ ఇడిచిపెట్టినవా?"

"లేదు పటేలా. గది మీరు గెలిసిందే."

"నిజంగ?"

"గంగామణి మీద ఒట్టు. నేను శాన కొట్టిన. మీరు ఇయ్యలే."

పటేల్ కళ్లు చెమ్మగిల్లాయి. పక్కన మెట్టు మీదున్న కప్పు వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"అజయ్," అని కేక వేశాడు, హాలంతా మోగేట్టు. "కాగితం తే. ఈ మ్యాచ్ రాయి. మొదటిది మైసన్న గెలిచిండు. మూడోది మైసన్న గెలిచిండు. రెండోది..." కాస్త ఆగి, ఊపిరి తీసుకున్నాడు. "రెండోది, ఇరవై ఒకటి, పంతొమ్మిది. గంగారాం. మంచిగ, కనవడేటట్టు రాయి."